టయోటా 86కి టర్బో కిట్: డబ్బు ఎలా కట్టాలి, హెడర్ ఏ లోహంలో తీసుకోవాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, కారు 2017 టయోటా 86 మాన్యువల్, 61 వేల మైళ్ళు తిరిగింది, చూస్తున్న టర్బో కిట్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టి పవర్ పెంచే సామాను) ధర 5,600 డాలర్లు. డబ్బు కట్టడానికి అమ్మేవాళ్ళు మూడు దారులు చూపించారు: మొత్తం క్రెడిట్ కార్డు మీద కట్టడం, జెల్‌లో (బ్యాంకు యాప్‌లోంచి నేరుగా పంపేది) గానీ బ్యాంకు వైర్‌లో గానీ పంపితే 3 శాతం తగ్గింపు, లేదంటే అఫర్మ్ అనే అప్పుల కంపెనీ ద్వారా 24 నెలల వాయిదాలు (నీకు చూపించిన వడ్డీ 20 శాతం). హెడర్ (ఇంజన్ నుంచి వేడి గ్యాస్‌ని టర్బోకి చేర్చే పైపులు) మామూలు ఇనుముదైతే ఆ ధరలోనే వస్తుంది, 304 రకం స్టెయిన్‌లెస్ కావాలంటే ఇంకో 350, 321 రకమైతే దాని బదులు 900. "ఏది తీసుకోమంటారన్నా, నాలుగు రోజులుగా ఇదే టెన్షన్" అని రాశావు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. క్రెడిట్ కార్డు మీద కట్టు, అదీ ఆ డబ్బు నీ ఖాతాలో ఉన్నప్పుడే. హెడర్ 304 తీసుకో, కానీ పైపు లోపలి వెల్డింగ్ ఫోటో చూశాకే. 304కీ 321కీ ఉన్న 550 డాలర్ల తేడా ట్యూనింగ్‌కి (టర్బోకి తగ్గట్టు ఇంజన్ కంప్యూటర్‌ని సరిచేయించడానికి) దాచుకో.

నేను డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాను. ఎగ్జాస్ట్ భాగాలు తయారుచేసే ఒక సప్లయర్ దగ్గర పదకొండేళ్ళుగా టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను, అంటే హెడర్లని ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్ళీ కాల్చి, ఎక్కడ పగులుతాయో చూడటమే నా ఉద్యోగం. నా కారు 2013 సయాన్ ఎఫ్ఆర్-ఎస్, నీ 86కి అన్న లాంటిది. 2016 నుంచి టర్బోతోనే నడుస్తోంది. ఇప్పుడున్నది రెండో కిట్. మొదటిది ఏమైందో చెప్తాను, ఎందుకంటే నువ్వు ఇప్పుడు సరిగ్గా అప్పటి నా చోటే నిలబడి ఉన్నావు.

అప్పుడొక చిన్న షాపు వాళ్ళు నేరుగా పంపితే తగ్గింపు ఇస్తామన్నారని, బ్యాంకు యాప్ తెరిచి 3,800 డాలర్లు ఒక్క దెబ్బకి పంపించేశాను. 8 వారాలన్నారు. 8 పోయి 12 అయ్యాయి, ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా "హెడర్లు వెల్డింగ్‌లో ఉన్నాయి" అన్న ఒకటే మాట. బ్యాంకుకి ఫోన్ చేశాను. "మీరే మీ చేత్తో పంపారు కదా సార్, అది పూర్తయిపోయిన లావాదేవీ" అన్నారు. వాళ్ళన్నది నిజమే, నా దగ్గర పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. అయిదో నెలలో పెట్టె వచ్చింది. బిగించాం, కారు బ్రహ్మాండంగా లాగింది, నేనూ అన్నీ మర్చిపోయాను. 4,000 మైళ్ళు తిరిగాక, నవంబరులో పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్ టిక్ అని చిన్న చప్పుడు మొదలైంది. రెండు నిమిషాల్లో ఇంజన్ వేడెక్కగానే ఆగిపోయేది. ఈ ఇంజన్‌లో డైరెక్ట్ ఇంజెక్టర్లు ఎలాగూ టిక్ టిక్‌మంటాయి కాబట్టి అదేననుకుని రెండు వారాలు వదిలేశాను. తర్వాత కారు లేపి కిందికెళ్ళి చూస్తే, రెండు పైపులు కలిసే చోట, వెల్డింగ్ పక్కనే, కాటుకతో గీసినట్టు సన్నటి నల్ల గీత. పగులు అది. చల్లగా ఉన్నప్పుడు అందులోంచి గ్యాస్ తన్ని చప్పుడు చేస్తుంది, వేడెక్కితే లోహం సాగి పగులు మూసుకుపోతుంది, అందుకే చప్పుడు ఆగిపోయేది. నీ కారులో ఎప్పుడైనా ఇలాంటి చప్పుడు వినిపిస్తే ఆ రోజే టార్చి పట్టుకుని నల్ల గీత కోసం వెతుకు.

విప్పేసి గ్రైండర్‌తో ఆ జాయింట్‌ని నిలువునా కోశాను. బయట నుంచి వెల్డింగ్ నాణేలు వరసగా పేర్చినట్టు ఎంత ముచ్చటగా ఉందో, లోపల అంత ఘోరంగా ఉంది, మాడిపోయిన బెల్లం పాకం గిన్నెకి అంటుకున్నట్టు నల్లగా గరుగ్గా గడ్డలు కట్టి. స్టెయిన్‌లెస్‌ని వెల్డ్ చేసేటప్పుడు పైపు లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపాలి, లేకపోతే లోపలి వైపు గాలిలోని ఆక్సిజన్ తగిలి ఇలా కాలిపోతుంది. వెల్డర్లు దీన్ని షుగరింగ్ అంటారు. అక్కడే బీట పడుతుంది. అది 304 స్టెయిన్‌లెస్సే, పేరుకి తగ్గ లోహమే, కానీ పని సరిగా చెయ్యలేదు.

ఇప్పుడు నీ డబ్బు సంగతి. జెల్‌లో పంపడం అంటే చేతికి నోట్ల కట్ట ఇచ్చినట్టే, సరుకు రాకపోతే వెనక్కి తెప్పించే ఏర్పాటు అందులో లేదు. వైర్ కూడా అంతే. నీకొచ్చే తగ్గింపు 168 డాలర్లు. ఆ 168 కోసం మిగతా 5,432 డాలర్ల మీద పట్టు వదిలేసుకుంటావా? అమ్మేవాళ్ళు మోసగాళ్ళని నేనట్లేదు, కార్డు కంపెనీకి కట్టే రుసుము మిగుల్తుంది కాబట్టి నిజాయితీగా ఉండే షాపులు కూడా ఈ తగ్గింపు ఇస్తాయి. కానీ ఇలాంటి కిట్లు చేసేది నలుగురైదుగురు పనిచేసే చిన్న షాపులు. ఒక వెల్డర్ మానేస్తే చాలు, మంచివాళ్ళకి కూడా నాలుగు నెలలు ఆలస్యమవుతుంది.

క్రెడిట్ కార్డైతే 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం నీ వెనక ఉంటుంది. సరుకు రాకపోయినా, ఒప్పుకున్నది కాకుండా వేరేది వచ్చినా, ఆ చార్జ్ ఉన్న మొదటి స్టేట్‌మెంట్ పంపిన నాటి నుంచి 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టొచ్చు. తేలేదాకా ఆ మొత్తం నువ్వు కట్టనక్కర్లేదు. చాలామంది కార్డు కంపెనీల వాళ్ళు ఇంతకన్నా ఎక్కువ గడువు ఇస్తారు గానీ, నువ్వు మాత్రం 60 రోజులే ఉన్నాయనుకుని నడుచుకో. చిక్కల్లా ఎక్కడంటే, ఈ కిట్లు ఎక్కువగా ముందస్తు ఆర్డర్లు. ఇవాళ కార్డు గీకి, పెట్టె మూడు నెలలకొస్తే, ఆ 60 రోజులు మధ్యలోనే అయిపోతాయి. అందుకే ఆర్డర్ చేసే ముందు ఒక మెయిల్ రాయి: ఇప్పుడు కొంత అడ్వాన్స్ ఇస్తాను, మిగతాది పెట్టె బయల్దేరే రోజున కార్డు మీద తీసుకోండి అని. మూడు షాపుల్ని అడిగితే కనీసం ఒకరు ఒప్పుకుంటారు. ఎప్పటికి పంపుతారో తేదీ కూడా మెయిల్‌లోనే రాయించుకో, ఫోన్లో విన్న మాట పనికిరాదు. చెప్పిన గడువులోపు పంపాలి, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో పంపాలి, పంపలేకపోతే ఆలస్యం సంగతి తెలియజేసి ఆర్డర్ రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకునే అవకాశం ఇవ్వాలి అని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఉంది. చాలామంది కొనేవాళ్ళకి ఇది తెలీదు. మెయిల్‌లో ఆ నిబంధన పేరెత్తగానే జవాబుల వేగం మారిపోవడం నేను చూశాను.

పేపాల్ అయితే గూడ్స్ అండ్ సర్వీసెస్ కింద కట్టినదానికి మాత్రమే రక్షణ, 180 రోజులు. "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీలో పంపండి, రుసుము మిగుల్తుంది" అని ఎవరన్నా అంటే అక్కడితో మాట ఆపేసెయ్. కొత్త కిట్ అయినా, వాడిన కిట్ అయినా అంతే.

అఫర్మ్ లెక్క నీ కోసం వేశాను. 5,600 మీద 20 శాతం, 24 నెలలు: నెలకి సుమారు 285 డాలర్లు, మొత్తం కట్టేది దాదాపు 6,840. అంటే 1,240 డాలర్లు వడ్డీకే. ఆ డబ్బుతో మంచి క్లచ్ వస్తుంది. పైగా కిట్ నచ్చక వెనక్కి పంపినా అప్పటిదాకా కట్టిన వడ్డీ తిరిగి రాదు. ఎప్పుడైనా పండగ సీజన్లో సున్నా శాతానికి ఇస్తే అది వేరే సంగతి, అప్పుడు తప్పకుండా ఆలోచించు. నీ క్రెడిట్ స్కోరు బాగుంటే అంతకన్నా మంచి దారి ఇంకోటుంది, మొదటి 12 లేదా 15 నెలలు వడ్డీ లేని కొత్త కార్డు తీసుకుని దాని మీద కట్టడం. వాయిదాల సౌకర్యమూ ఉంటుంది, కార్డు రక్షణా ఉంటుంది. కానీ "ఆరు నెలలు వడ్డీ లేదు" అనే షాపు కార్డులు దీనికి భిన్నం, ఆరో నెలాఖరుకి పది డాలర్లు బాకీ మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ మొత్తం కలిపి వేస్తారు. ఒప్పందంలో డిఫర్డ్ ఇంటరెస్ట్ అన్న మాట కనపడుతుందేమో చూసుకో.

డబ్బు ఖాతాలో ఉన్నప్పుడే అని ఎందుకన్నానంటే, 5,600 దగ్గర ఇది ఆగదు తమ్ముడూ. ట్యూనింగ్, డైనో మీద పవర్ కొలిపించడం, బిగించే కూలీ, క్లచ్, గాలి-ఇంధనం పాళ్ళు చూపే వైడ్‌బ్యాండ్ గేజ్, ఆయిల్ కూలర్, గ్యాస్కెట్లు, ద్రవాలు అన్నీ కలిపితే కిట్ ధరలో సగం ఇంకా చేతిలో ఉండాలి. అప్పు చేసి కిట్ కొని, ట్యూనింగ్‌కి డబ్బులేక ఎవరో పంపిన ఫైలు ఎక్కించి ఇంజన్ పోగొట్టుకున్నవాళ్ళు నా స్నేహితుల్లోనే ఇద్దరున్నారు. ఆ బాధ దగ్గర నుంచి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక హెడర్. నాకు ఇష్టమైన విషయం, కాస్త ఓపికగా చదువు.

టర్బో కారు హెడర్ పని మామూలు హెడర్ పని కాదు. పూర్తి బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని గరిష్ఠ ఒత్తిడితో నెడుతున్నప్పుడు, అందులోంచి పోయే గ్యాస్ 850 నుంచి 950 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, దానికి తోడు టర్బో బరువు కూడా దాని మీదే వేలాడుతుంది. మన ఊళ్ళల్లో కమ్మరి బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించడం నువ్వు చూశావో లేదో, ఎర్రగా కాల్చి పెద్దదయ్యాక చక్రానికి తొడిగి నీళ్ళు కొడితే బిగుసుకుని చెక్కని పట్టేస్తుంది. ఆ సాగడమే హెడర్‌లోనూ జరుగుతుంది, రోజుకి నాలుగుసార్లు. అరమీటరు 304 పైపు 800 డిగ్రీలకి వెళ్తే దాదాపు 7 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. మామూలు ఇనుము అయితే 5 చిల్లర. నీ ఇంజన్ బాక్సర్, అంటే సిలిండర్ హెడ్లు కుడి ఎడమల పడుకుని ఉంటాయి, ఎగ్జాస్ట్ కిందికి దిగుతుంది, హెడర్ ఇంజన్ కింద నుంచి రెండు వైపుల్నీ కలుపుతూ పోతుంది. రెండు చివరలూ బోల్టులతో బిగించి ఉంటే ఆ 7 మిల్లీమీటర్లు ఎటు పోవాలి? అందుకే అడ్డంగా పోయే పైపులో సాగే బెల్లోస్ ముక్క గానీ స్లిప్ జాయింట్ గానీ ఉండాలి. అది లేని హెడర్‌ని ఏ లోహంతో చేసినా నేను తీసుకోను. నువ్వు అమ్మేవాళ్ళని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, 304 ఆ 321 ఆ అన్నది ఆ తర్వాత.

మామూలు ఇనుము చెడ్డదేం కాదు. తక్కువ సాగుతుంది, ఏ ఊళ్ళో ఏ వెల్డరైనా అతికిస్తాడు, మందపాటి పైపుతో చేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. కాకపోతే బరువు, పైగా ఎర్రటి వేడికి పొరలు పొరలుగా పెచ్చులూడుతుంది, ఆ పెచ్చులు పోయేది టర్బో చక్రంలోకే. మా మిషిగన్‌లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఇక్కడ దాని మాటే ఎత్తం. టెక్సస్‌లో నీకా బాధ లేదు, అయినా నీ హెడర్ నేలకి దగ్గరగా ఉంటుంది, వానాకాలం గుంటలో నీళ్ళు చిమ్మితే నేరుగా దాని మీదే పడతాయి. 350 పెట్టి స్టెయిన్‌లెస్‌కి వెళ్ళు.

304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. దాని బలహీనత ఏంటంటే, 425 నుంచి 870 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే లోపలి కార్బన్ వెళ్ళి క్రోమియంతో కలిసిపోయి లోహపు రేణువుల అంచుల దగ్గర చేరుతుంది, ఆ అంచుల్లో క్రోమియం తగ్గి బలహీనపడుతుంది. పగులు వెల్డింగ్ మీద కాకుండా దాని పక్కన రావడానికి ఇదొక కారణం. 321లో టైటానియం కలుపుతారు, ఆ కార్బన్‌ని టైటానియం ముందే పట్టేసుకుంటుంది కాబట్టి క్రోమియం జోలికి పోదు, పైగా అంత వేడిలో కూడా ఎక్కువ బలంగా నిలబడుతుంది. ట్రాక్ మీద ఇరవై నిమిషాలు యాక్సిలరేటర్ తొక్కిపట్టి ఉంచేవాళ్ళకి 321 నిజంగా అవసరం, నేనూ వాళ్ళకదే చెప్తాను. నువ్వు రాసింది చూస్తే ఆఫీసుకి రానుపోను, ఆదివారం పొద్దున ఒక రౌండ్, ఏడాదికి రెండు ఆటోక్రాస్ పోటీలు. రోడ్డు మీద పూర్తి బూస్ట్ అయిదారు సెకన్లకి మించి ఉండదు. దానికి సరిగ్గా చేసిన 304 చాలు, తక్కువ కార్బన్ ఉండే 304ఎల్ అయితే ఇంకా మేలు.

ఒకవేళ 321 మీదే మనసుంటే ఒక్క ప్రశ్న వెయ్యి: వెల్డింగ్‌లో కరిగించి నింపే ఫిల్లర్ రాడ్ ఏది వాడతారు? 321కి 347 రాడ్ వాడాలి, ఎందుకంటే 321 రాడే వాడితే ఆర్క్ వేడికి అందులోని టైటానియం చాలావరకు కాలిపోతుంది, 347లో దాని బదులు నయోబియం ఉంటుంది. "308 వాడతాం" అన్నా, తడబడ్డా, నీ 900 డాలర్లు పైపులోకి పోయాయి గానీ జాయింట్లలోకి పోలేదు.

మందం కూడా అడుగు. 18 గేజ్ అంటే 1.2 మిల్లీమీటర్లు, మామూలు హెడర్‌కి సరిపోతుంది, టర్బో మోసేదానికి పల్చన. 16 గేజ్, అంటే 1.65, అయితే టర్బోకి విడిగా ఊతమిచ్చే బ్రాకెట్ ఉండితీరాలి. షెడ్యూల్ 10 పైపు గోడ 2.77 మిల్లీమీటర్లు, దానితో ధైర్యంగా ఉండొచ్చు. ఫ్లాంజ్ (ఇంజన్‌కి బోల్టులతో బిగించే పలక) వెల్డింగ్ అయ్యాక దాని ముఖం మళ్ళీ మెషిన్ చేశారా లేదా కనుక్కో, లేకపోతే వంకర ఉండి గ్యాస్కెట్లు ఊదేస్తాయి. పెట్టె వచ్చిన రోజే, బిగించకముందే, ఫోన్ టార్చి వేసి ప్రతి పైపులోకీ చూడు. లోపల వెల్డింగ్ వెండిలా, లేదా లేత బంగారు నీలం రంగుల్లో నున్నగా ఉండాలి. నల్లగా గరుగ్గా ఉంటే ఫోటో తీసి అదే రోజు మెయిల్ కొట్టు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని కొందరంటారు, పూర్తిగా నమ్మకు. చవక 409 అయితే అతుక్కుంటుంది, నిజమే, కానీ నికెల్ తగ్గించి చేసే 201 కూడా 304 లాగానే అతుక్కోదు.

వేడికి గుడ్డపట్టీ చుట్టాలా అనడిగావు. స్టెయిన్‌లెస్ హెడర్‌కి చుట్టొద్దు, వేడంతా లోహంలోనే నిలిచిపోతుంది, చాలామంది తయారీదారులు చుట్టినదానికి వారంటీ ఇవ్వరు. టర్బోకి దుప్పటి, హెడర్‌కి సిరామిక్ పూత, పక్కనున్న వైర్లకీ స్టీరింగ్ భాగాలకీ వేడి రేకు. ఇవి చాలు.

నువ్వు అడగనివి రెండు మూడు. ఈ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి 12.5, టర్బోకి చాలా ఎక్కువ, అందుకే బూస్ట్ ఒత్తిడి 7-8 పీఎస్ఐ దగ్గర ఆపి 93 ఆక్టేన్ పోసుకుంటూ నడపాలి. కారుతో వచ్చిన స్టాక్ కనెక్టింగ్ రాడ్లతో (పిస్టన్లని క్రాంక్‌కి కలిపేవి) ఈ కార్లకి టర్బో పెట్టుకున్న మాలో ఎక్కువమంది చక్రాల దగ్గర 280-300 హార్స్‌పవర్ దాటరు. ఫ్యాక్టరీ లెక్క 205 ఉన్న కారుకి అది ఎంత మార్పో నడిపితే తెలుస్తుంది, అంతకు మించి ఆశపడకు. టర్బో కిందికి కూర్చునే కిట్ అయితే ఆయిల్ దానంతటదే వెనక్కి జారుతుందా, లేక దాన్ని పైకి లాగే స్కావెంజ్ పంపు ఉందా అడుగు, ఆ పంపు ఆగిపోతే టర్బో సీళ్ళలోంచి ఆయిల్ పొగ వస్తుంది.

టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు గానీ, కొలిన్, డెంటన్, డల్లస్ కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష అలాగే ఉంది. కారు కంప్యూటర్‌ని చదివే ఓబీడీ సాకెట్‌కి యంత్రం తగిలిస్తారు, చెక్ ఇంజన్ లైటు వెలిగినా, మానిటర్లు (కారు తనకు తాను చేసుకునే పరీక్షలు) సిద్ధంగా లేకపోయినా ఫెయిల్. పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ ఉంచే కిట్టే తీసుకో, తీసేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. ఇంకోటి, మనవాళ్ళకి ఉద్యోగం మారితే ఊరు మారడం మామూలే. రేపు బే ఏరియాలో ఆఫర్ వస్తే, కాలిఫోర్నియా స్మాగ్ పరీక్షలో బానెట్ ఎత్తి చూస్తారు, కిట్‌కి కార్బ్ (అక్కడి వాయు కాలుష్య బోర్డు) ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు లేకపోతే కారు పాసవదు. అక్కడికి వెళ్ళే ఆలోచన ఏ మూలనున్నా ఆ నంబరున్న కిట్టే చూడు, లేదా విప్పిన స్టాక్ భాగాలన్నీ అట్టపెట్టెలో వేసి జాగ్రత్తగా దాచు.

ఆర్డర్ పెట్టే ముందు మాత్రం ఒక పని చెయ్యి. దగ్గర్లో సుబారు పని తెలిసిన మెకానిక్ దగ్గర (ఈ ఇంజన్ సుబారుదే) సిలిండర్లు ఒత్తిడి నిలుపుతున్నాయో లేదో చూసే కంప్రెషన్, లీక్‌డౌన్ రెండు టెస్టులూ చేయించు, నాలుగు సిలిండర్ల నంబర్లూ ఇక్కడ పెట్టు. వాటితోపాటు అమ్మేవాళ్ళు పంపిన హెడర్ లోపలి ఫోటోలు కూడా. అవి చూసి బూస్ట్ ఎంతతో మొదలుపెట్టాలో చెప్తాను.